కడియం ఫైకస్‌కి కుండీ మార్చడం ఇప్పుడా, వానలకా? చింత, కాగితం పూల సంగతేంటి?

మిద్దెమీద (హైదరాబాద్):

నమస్తే అండి. ఈ సీజన్‌లో మూడు బోన్సాయ్‌లకి కుండీ మార్చాలనుకుంటున్నాను. మొదటిది ఫైకస్ మైక్రోకార్పా, మర్రి జాతి చెట్టు. కడియం నర్సరీ మొక్క, మొదలు దగ్గర మూడు అంగుళాల మందం ఉంటుంది. ఇప్పుడు 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉంది. నీళ్లు పోస్తే పైనే నిలబడి, తర్వాత కుండీ అంచు వెంబడి జారిపోతున్నాయి. దీన్ని 14×10 అంగుళాలు, రెండున్నర అంగుళాల లోతున్న సిరామిక్ ట్రేలోకి మార్చాలి. రెండోది చింత. ట్రేలోనే ఉంది, ఆకు రాలుస్తోంది, అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొచ్చాయి. మూడోది కాగితం పూల మొక్క, నిండా పూత మీద ఉంది.

ఫిబ్రవరి చివరికి వచ్చేశాం. మూడూ ఒకేసారి చేసేయొచ్చా? వేర్లు ఎంతవరకు కత్తిరించాలి? అకడామా (బోన్సాయ్‌కి వాడే జపాన్ గుళికల మట్టి) ధర చూస్తే కొనేలా లేదు, బదులుగా ఏ మిశ్రమం వాడాలి? మిద్దె మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే.

---

ఊడలమర్రి (సికింద్రాబాద్):

మూడూ ఒకేసారి వద్దండి. తేదీ ఒకటే అయినా మూడు మొక్కలూ మూడు దశల్లో ఉన్నాయి.

చింత ముందు చేయండి, ఈ వారమే. ఆకు రాలి, కణుపుల దగ్గర మొగ్గ ఉబ్బి ఇంకా విచ్చుకోకముందు చేయాలి. చిగురు ఒకసారి బయటపడిందంటే కొమ్మల్లో దాచుకున్న బలమంతా దానికే పోతుంది. అప్పుడు వేర్లు కోస్తే చిగురు వాడుతుంది, వేరూ సరిగా పుట్టదు. చింతచిగురు కనబడితే ఇక వానల దాకా ముట్టుకోవద్దు.

ఫైకస్‌కి రాత్రులు వెచ్చబడితే చాలు. శివరాత్రితో చలి పోతుంది కాబట్టి అప్పటి నుంచి ఉగాదికి కాస్త ముందు వరకు మంచి అదను. కొత్త వేర్లు పట్టడానికి మూడు నాలుగు వారాలు కావాలి. అవి ఏప్రిల్ ఎండలు ముదిరేలోపు దొరకాలి. ఈ అదను తప్పితే మృగశిర కార్తె తర్వాత వానలు నిలకడగా పడ్డాకే. మధ్యలో ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

కాగితం పూలని పూత మీద కదిపితే పువ్వంతా రాలిపోతుంది. పూత అయ్యాక కొమ్మలు కత్తిరించి, వానలకి మార్చండి. దాని వేర్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి, మట్టి దులుపుతుంటేనే తెగిపోతాయి. అందుకే ఎప్పుడు మార్చినా వేర్లు బోసిగా కడగకూడదు. చుట్టూ, అడుగునా ఒక అంగుళం గీరి తీసేసి, మిగతా గడ్డ కదలకుండా కొత్త కుండీలో పెట్టాలి.

ఇక అసలు సమస్య ఫైకస్‌ది. కడియం మొక్కల వేర్ల మధ్యలో జిగట మట్టి పిడికిలంత ముద్దగా బిగిసి ఉంటుంది. ఒకసారి ఎండిందా, నీళ్లు దాన్ని తాకి పక్కకి జారిపోతాయి, లోపలికి ఇంకవు. మీరు చెప్పిన లక్షణం అదే. ఆ ముద్దని అలాగే ఉంచి చుట్టూ గరుకు మిశ్రమం నింపితే పరిస్థితి ఇంకా పాడవుతుంది. బయట పొడి, లోపల గడ్డ. రోజూ నీళ్లు పోస్తూనే చెట్టు ఎండిపోవడం చూస్తారు. కాబట్టి ఆ మట్టి మొత్తం పోవాల్సిందే. ఫైకస్ దాన్ని ఒకే విడతలో తట్టుకుంటుంది, ఆకు పచ్చగా, చెట్టు బలంగా ఉంటే.

పద్ధతి చెప్తాను. కుండీలోంచి తీసి బకెట్ నీళ్లలో గంటసేపు నాననివ్వండి. తర్వాత పైపుకి గన్ పెట్టి, పైనుంచి కిందికి, కాండం దగ్గర మొదలుపెట్టి కడుగుతూ రండి. గోరుతో గాని మొద్దు వెదురు పుల్లతో గాని మట్టి విడదీయండి, లాగొద్దు. వేరు మొదళ్లు కాండంలోంచి ఎక్కడ విచ్చుకుంటున్నాయో కనిపించేదాకా పోవాలి. చాలాసార్లు అది మట్టికి రెండు అంగుళాల కింద ఉంటుంది. బోన్సాయ్‌కి అందమిచ్చే నెబారి, అంటే కాండం చుట్టూ పరుచుకున్న వేరు మొదళ్లు, అక్కడే దాక్కుని ఉంటుంది.

ఈ పనంతా నీడలో, గాలి తగలని చోట చేయండి. పీచు వేర్లు ఎండిపోవడానికి పది నిమిషాలు చాలు. పక్కన తడి గోనెపట్టా ఉంచుకుని, ఆగిన ప్రతిసారీ కప్పండి.

కత్తిరింపులో ముందు కాండం కింద నిలువుగా దిగిన లావు వేర్లు తీసేయాలి. లేకపోతే రెండున్నర అంగుళాల ట్రేలో చెట్టు కూర్చోదు. తర్వాత గుండ్రంగా తిరిగినవి, ఒకదాని మీదుగా ఒకటి పోయినవి. చివరగా మిగిలినవాటి కొసలు. మొత్తం మీద మూడో వంతు తీస్తే ఏ ఇబ్బందీ ఉండదు, బలమైన ఫైకస్‌కి సగం దాకా పోవచ్చు. లావు వేరు కోసిన చోట పాలు కారతాయి, నీళ్లు చిమ్మితే ఆగుతాయి. కోత నేల వైపు ఉండేలా చూడండి.

చింతకి మాత్రం ఈ లెక్క వేయొద్దు. అడుగు నుంచి, అంచుల నుంచి నాలుగో వంతు చాలు. పీచు వేర్లు లేని చోటికి వెనక్కి వెళ్లి లావు వేరు కోస్తే ఆ మోడు నుంచి మళ్లీ వేరు వస్తుందన్న భరోసా లేదు. పైనుంచి చూస్తూ గడ్డని రెండు సగాలు అనుకోండి. ఈసారి ఒక సగంలోనే పాత మట్టి మార్చి, రెండో సగం వచ్చేసారికి ఉంచండి.

ట్రేలో పెట్టేటప్పుడు రంధ్రాల మీద మూడు నాలుగు మి.మీ. కన్ను ఉన్న ప్లాస్టిక్ జాలీ వేయండి. దోమల జాలీ సన్నటి మన్నుతో మూసుకుపోతుంది. తర్వాత 2 మి.మీ. అల్యూమినియం తీగ అడుగు నుంచి పైకి తీసి, వేర్ల గడ్డ మీదుగా బిగించండి. తీగ వేరుని కోయకుండా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. బిగించాక కాండం పట్టుకుని మెల్లగా ఎత్తితే చెట్టుతోపాటు ట్రే కూడా లేవాలి. ఇది చాలామంది దాటేస్తారు. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా అప్పుడే పుట్టిన వేరు కొసలు తెగుతాయి. నీళ్లు, నీడ అన్నీ సరిగా ఉన్నా చెట్టు కోలుకోకపోవడానికి సగం కారణం ఇదే.

మిశ్రమం పోశాక వెదురు పుల్లతో వేర్ల సందుల్లో కదపండి, పొడవొద్దు. మిశ్రమం ఇంక కిందికి దిగనంతవరకు కదపాలి. లోపల బొక్క మిగిలితే అక్కడి వేరు ఎండిపోతుంది. తర్వాత సన్న ధారతో, అడుగు నుంచి తేటనీళ్లు వచ్చేదాకా తడపండి.

మూడో వంతు ఆకులు తుంచేయండి, ముఖ్యంగా పెద్దవి. యాభై శాతం షేడ్ నెట్ కింద మూడు వారాలు. పడమటి ఎండ అసలు తగలకూడదు. ఎరువు వద్దు, కొత్త కొమ్మ మీద మూడు నాలుగు ఆకులు పూర్తిగా విచ్చుకునేవరకు ఆగండి. కోత పడ్డ వేర్లకి ఎరువులోని లవణాలు మంట పెడతాయి.

---

సాగరతీరం (విశాఖపట్నం):

పైన చెప్పిన దానిలో ఒక్క విషయం మీద నా అభిప్రాయం వేరు. వేర్లు మూడో వంతే తీసినప్పుడు ఆకులు తుంచొద్దండి. కొత్త వేరు పుట్టడానికి తిండి ఆకు నుంచే వస్తుంది, కొమ్మ కొసల్లోని చురుకైన మొగ్గలు కూడా వేరుకి ప్రేరణ ఇస్తాయి. ఆకులు కోసి, కొసలు గిల్లి, వేర్లూ కోస్తే మూడు దెబ్బలు ఒకేసారి. సగానికి మించి వేర్లు పోయినప్పుడు, లేదా ఆకులు వేలాడుతున్నప్పుడు మాత్రం కొన్ని తీయాలి. మామూలుగా నీడ, గాలిలో తేమ సరిపోతాయి.

మా వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏప్రిల్ మొదటి వారం దాకా కూడా ఫైకస్ మారుస్తాం. హైదరాబాద్ పొడిగాలికి అది కుదరదు. రోజుకి రెండుసార్లు ఆకుల మీద నీళ్లు చల్లండి, మట్టిని మాత్రం పై అర అంగుళం ఆరడం మొదలయ్యాకే తడపండి. చల్లడం, తడపడం వేర్వేరు పనులు.

ఇంకొకటి. వేర్లు కడిగేటప్పుడు తెల్లగా దూదిలా అంటుకుని ఏమైనా కనిపిస్తే అది వేరు పిండినల్లి. బ్రష్‌తో, నీటి ధారతో పూర్తిగా పోగొట్టండి. ఆ పాత మట్టి వేరే కుండీల్లో కలపొద్దు.

---

మిద్దెమీద (హైదరాబాద్):

ఇద్దరికీ చాలా థాంక్సండి. చింత రేపే మొదలుపెడతాను. మిశ్రమం గురించి ఎవరైనా కొలతలతో చెప్తారా? ట్రే అడుగున గులకరాళ్లు ఒక పొర వేయాలా? మాది బోరు నీళ్లు, కుండీల అంచుకి తెల్లగా పేరుకుంటుంది.

---

ఇటుకపొడి (విజయవాడ):

గులకరాళ్ల పొర వద్దు. కారణం తెలిస్తే మిశ్రమం సంగతి కూడా తేలిపోతుంది.

ఏ కుండీలోనైనా నీళ్లు కారిపోయాక అడుగున కొంత ఎత్తు వరకు మట్టి పూర్తిగా తడిగా, గాలి లేకుండా మిగులుతుంది. ఆ ఎత్తు రేణువు సైజుని బట్టి ఉంటుంది, కుండీ లోతుని బట్టి కాదు. సన్న మట్టిలో అది ఒక అంగుళం ఉందనుకోండి. పది అంగుళాల కుండీలో తొమ్మిది అంగుళాలు గాలి ఆడుతుంది, నష్టం లేదు. మీ రెండున్నర అంగుళాల ట్రేలో గాలి ఆడేది అంగుళంన్నరే. కింద గులకరాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్లలోకి దిగదు, రాళ్ల మీదికి జరిగి కూర్చుంటుంది. వేర్లకి ఉన్న కాస్త చోటూ పోతుంది. అందుకే లోతు తక్కువైన కొద్దీ రేణువు పెద్దదిగా, సమానంగా ఉండాలి. బోన్సాయ్ మిశ్రమం అంత గరుకుగా ఉండేది ఇందుకే.

రెండు జల్లెడలు కావాలి, ఒకటి 6 మి.మీ., ఒకటి 3 మి.మీ. మొదటిదానిలోంచి దిగి, రెండోదాని మీద నిలిచింది మాత్రమే వాడాలి. దుమ్ముని "పోనీలే" అని కలిపితే అది అడుగుకి చేరి బురద కడుతుంది.

ఫైకస్‌కి నాలుగు పాళ్లు ఇటుక ముక్కలు, రెండు పాళ్లు ముతక ఇసుక లేదా సన్న కంకర, రెండు పాళ్లు ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) లేదా పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు), రెండు పాళ్లు బాగా మాగిన ఆకు ఎరువు. ఇసుక కూడా 3 మి.మీ. జల్లెడ మీద నిలవకపోతే వద్దు. ప్లాస్టరింగ్ ఇసుక అసలే వద్దు. చింతకి కూడా ఇదే, ఆకు ఎరువు ఒక పాలు తగ్గించి ఇటుక ఒక పాలు పెంచండి. కాగితం పూలకి ఇంకా గరుకుగా ఉన్నా పర్లేదు, తడి నిలిస్తే దాని వేర్లు త్వరగా కుళ్లుతాయి.

ఇటుక బాగా కాలినది ఏరుకోండి. సగం కాలింది నీళ్లలో నానేసరికి మెత్తబడి మళ్లీ మట్టే అవుతుంది. ఒక ముక్క రాత్రంతా నీళ్లలో వేసి, పొద్దున వేళ్లతో నలపండి. నలిగితే పనికిరాదు. పాత గోడ కూల్చిన ఇటుకలకి సిమెంటు అంటి ఉంటుంది, వాటిని తీసుకోవద్దు. సిమెంటు, సున్నం క్షారగుణం పెంచుతాయి, అసలే మీది బోరు నీళ్లు.

మీ ట్రే బయటి కొలతల ప్రకారం ఐదున్నర లీటర్ల చిల్లర పడుతుంది. గోడల మందం, వేర్ల గడ్డ పోను నాలుగు లీటర్లు సరిపోతుంది. జల్లెడలో దుమ్ము పోతుంది కాబట్టి ఎనిమిది లీటర్ల సరుకుతో మొదలుపెట్టండి. ముందు కడిగి ఆరబెట్టుకోండి. మిశ్రమం పొడిగా ఉంటేనే వేర్ల సందుల్లోకి జారుతుంది.

తెల్లటి పేరుకుడు బోరు నీళ్లలోని లవణాలదే. కొంచెం కొంచెం నీళ్లు పోసే అలవాటు ఉంటే అవి మిశ్రమంలోనే మిగిలిపోతాయి. పోసిన ప్రతిసారీ అడుగు నుంచి ధారగా కారేంత పోయండి. వానాకాలంలో ట్రేలని వానకి వదిలేస్తే లవణాలు చాలావరకు కడుక్కుపోతాయి. దొరికితే వాననీళ్లు పట్టి పెట్టుకుని, కుండీ మార్చిన మొదటి వారాల్లో అవే వాడండి.

మిద్దె గచ్చు మీద ట్రే నేరుగా పెట్టొద్దు. రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కింద గాలి ఆడాలి. ఎండాకాలం గచ్చు వేడికి ముందు మాడేది అడుగు వేర్లే. రోహిణి కార్తెకి ట్రే చుట్టూ తడి గోనె చుడితే ఇంకా మంచిది.

---

ఎల్మ్‌చెట్టు (డాలస్):

అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. పై తేదీలు ఇక్కడ వాడకండి. చైనీస్ ఎల్మ్, ట్రైడెంట్ మేపుల్ లాంటివి చలికాలం ఆకు రాల్చి నిద్రపోతాయి. మొగ్గ ఉబ్బి, ఆకుపచ్చ గీత కనిపించి, ఆకు ఇంకా విప్పని రోజుల్లో మార్చాలి. మార్చాక మంచు పడితే కోత పడ్డ వేర్లు దెబ్బతింటాయి, కాబట్టి చలి రాత్రులు గరాజ్‌లోకి తెచ్చుకోండి. ఫైకస్ మాత్రం ఇక్కడ వసంతం మొదట్లో వద్దు. రాత్రి ఉష్ణోగ్రత 15 సెల్సియస్ దాటి, చెట్టు బయటికెళ్లి, కొత్త ఆకు వేస్తున్నప్పుడు, అంటే మే, జూన్ నెలల్లో చేయండి.

---

మిద్దెమీద (హైదరాబాద్):

అర్థమైందండి. చివరిగా ఒకటి. ఫైకస్ మార్చాక ఆకులు రాలితే, అది మామూలేనా, చెట్టు పోతోందా అని ఎలా గుర్తుపట్టాలి?

---

ఊడలమర్రి (సికింద్రాబాద్):

ఏ ఆకు రాలుతోందో చూడండి. కొమ్మ లోపలి వైపు పాత ఆకులు పసుపెక్కి, పది పదిహేను రోజుల్లో ఒక్కొక్కటిగా రాలితే కంగారు లేదు. పచ్చగా ఉన్న ఆకులు ముట్టుకోగానే గంపగుత్తగా రాలితే నీటి లెక్క తప్పింది.

ఫైకస్ ప్రతి కొమ్మ కొసన సూదిలా మొనదేలిన మొగ్గ ఉంటుంది, ఒక పొరలో చుట్టుకుని. రోజూ దాన్నే చూడండి. అది గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నంతకాలం కింద వేరు పనిచేస్తున్నట్టే, ఆకులన్నీ రాలినా సరే. ఆ మొన ముడుచుకుని పొడిబారుతుంటే వెదురు పుల్లని ట్రే అంచు దగ్గర అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. పొడిగా వస్తే మధ్యలోకి నీళ్లు చేరట్లేదు, ట్రేని బక్కెట్టులో సగం మునిగేలా పావుగంట పెట్టండి. పుల్ల చెమ్మగా, పుల్లటి వాసనతో వస్తే అడుగు రంధ్రం మూసుకుపోయింది. ట్రేని ఒక పక్క రెండు అంగుళాలు ఎత్తి వాలుగా పెట్టి నీళ్లు వార్చండి, తీగ మాత్రం విప్పొద్దు. వార్చినా కారకపోతే కింద నుంచి జాలీలోకి పుల్ల పెట్టి మన్ను కదపండి.

కొమ్మ కొస ఎండిపోతే ఎండిన మేరకే తుంచండి. బెరడు మీద గోటితో గీరితే పచ్చగా ఉండి పాలు వచ్చిన చోటు నుంచి మళ్లీ చిగురు వేస్తుంది.