1966 అలీ, 1988 టైసన్ తలపడితే?

బాక్సర్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తమ మంచి ఫామ్‌లో తలపడితే ఎవరు గెలుస్తారని నాకూ మా తమ్ముడికీ వారంగా ఇదే గొడవ, కాస్త తీర్పు చెప్పండి. 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండులో ముగించిన అలీ ఒకవైపు, 1988లో స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టిన టైసన్ మరోవైపు. వాడిది టైసన్, నాది అలీ. 1990లో టోక్యోలో డగ్లస్ టైసన్‌ని జాబ్‌తోనే (ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు) కదా కట్టడి చేసింది!

కానీ ఒక్క సంగతి నన్ను తొలిచేస్తోంది. అలీకి ఎడమ హుక్ (ఎడమ చేత్తో పక్కనుంచి వంపుగా కొట్టే గుద్దు) గండం. 1963లో హెన్రీ కూపర్, 1971లో పదిహేనో రౌండులో ఫ్రేజియర్, ఇద్దరూ దాంతోనే కింద పడేశారు. చేతులు దించి వెనక్కి వాలి తప్పించుకునే అలవాటే కారణమా? మరి టైసన్ హుక్ ముందు మొదటి నాలుగు రౌండ్లు ఎలా గట్టెక్కుతాడు? అన్నట్టు, పోటీ 12 రౌండ్లా, అలీ కాలంలోలా 15 రౌండ్లా? దాన్నిబట్టి మీ జవాబు మారుతుందా?