హీట్ పంప్ నీళ్లు కాచడానికి ఆరు గంటలు తీసుకుంటోంది, గ్యాస్ పోయిందంటున్నారు, నిజమేనా?

వశిష్ఠ గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మూడేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు బాత్‌రూమ్‌కొక గీజర్ ఎందుకని 200 లీటర్ల హీట్ పంప్ (బయటి గాలిలోని వేడితో నీళ్లు కాచే మిషను) పెట్టించాం. ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం. మొదటి రెండేళ్లు దాని గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు, మూడున్నర గంటల్లో ట్యాంకు మొత్తం 55 డిగ్రీలకి వచ్చేసేది, కరెంటు బిల్లు కూడా బాగా తగ్గింది.

ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి అదే పనికి ఆరు గంటలు పడుతోంది. పొద్దున్న చూస్తే కాయిల్ (గాలి తగిలే పైపుల చుట్ట) మీద ఒక పక్క మంచు పేరుకుని ఉంటోంది. వేడినీళ్లు వదిలితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది, నాన్న ఆ నీళ్లతో స్నానం చేయనంటున్నారు. ట్యాంకు పక్కనున్న వాల్వ్ నుంచి నీళ్లు కూడా కారుతున్నాయి. ఒక టెక్నీషియన్ వచ్చి చూసి, గ్యాస్ (ఏసీల్లో ఉండేలాంటిది) పోయింది, 6,500 అవుతుంది అన్నాడు, చేత్తో పైపు పట్టుకుని చూశాడంతే, మీటరేమీ పెట్టలేదు. ప్లంబరేమో కారుతున్న వాల్వ్‌కి ఎండ్ క్యాప్ బిగించేస్తే సరిపోతుందంటున్నాడు.

యూనిట్ పెరట్లో ఉంది, వెనక అంతా రొయ్యల చెరువులే. వాన జల్లు కొడుతోందని మొన్న వానాకాలంలో మూడు పక్కలా, పైనా రేకులు కొట్టించాం. నీళ్లు బోరువే. సంక్రాంతికి అక్కావాళ్లూ పిల్లలూ వస్తారు, ఈలోపు బాగు చేయించాలని టెన్షన్‌గా ఉంది. గ్యాస్ ఎక్కించమంటారా?

భీమవరం మెకానిక్:
ముందు ఆ ఎండ్ క్యాప్ సంగతి. ఎట్టి పరిస్థితుల్లోనూ వేయనివ్వకండి. అది ప్రెషర్ రిలీఫ్ వాల్వ్. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, 200 లీటర్లు 25 నుంచి 55 డిగ్రీలకి వెళ్తే రెండు లీటర్ల పైచిలుకు పెరుగుతాయి, చల్లనీళ్ల లైన్లో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ పెరిగిన నీళ్లు వెనక్కి పోలేక ఇందులోంచే బయటికి రావాలి. కాబట్టి కాగుతున్నంతసేపు కాసిని కారితే అది సరిగ్గా పనిచేస్తున్నట్టు. కాగడం ఆగిపోయాక కూడా ధార ఆగకపోతే లోపల సీటు మీద గార పట్టినట్టు, మార్చేయండి, పెద్ద ఖరీదేం కాదు. దాన్ని మూసేశాక థర్మోస్టాట్ ఒక్కసారి మొరాయిస్తే ట్యాంకు పేలిపోతుంది. ఇంట్లో పిల్లలున్నారు, ఆ ప్లంబర్‌కి కూడా ఈ మాట చెప్పండి, ఇంకో ఇంట్లో ఎక్కడైనా క్యాప్ వేసి ఉండొచ్చు.

ఇక గ్యాస్. నేను పద్దెనిమిదేళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు, ఈమధ్య ఈ హీట్ పంపులు చూస్తున్నాను. గ్యాస్ వాడకానికి అరిగిపోయేది కాదండి, పైపుల్లో సీల్ చేసి ఉంటుంది, తిరిగి తిరిగి అదే వాడుకుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ లీకు పట్టకుండా పైనుంచి కొట్టించుకున్న గ్యాస్ కొన్నాళ్లకి మళ్లీ పోతుంది. లీకు పట్టాలంటే నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాసి చూడాలి, అతుకు వేయాలి, వాక్యూమ్ లాగాలి, ఆ తర్వాత నేమ్ ప్లేట్ మీద ఎన్ని గ్రాములు రాసుంటే అంత కాటాతో తూచి వేయాలి. కాటా తేనివాడికి ఆ పని ఇవ్వకండి.

అయితే మీరు రాసింది రెండుసార్లు చదివాను, నా కన్ను పడింది రేకుల మీద. హీట్ పంప్ చేసే పనేంటంటే, బయటి గాలిలోని వేడిని లాక్కుని నీళ్లలో పెడుతుంది. అందుకే బయటికి వదిలే గాలి చల్లగా ఉంటుంది. మూడు పక్కలా, పైనా మూసేస్తే ఆ వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, అందులో వేడి లేదు, కాయిల్ ఇంకా చల్లబడి మంచు కడుతుంది, మంచు కడితే గాలి అసలు దూరదు. గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది, గాలి ఆడకపోయినా మంచు కడుతుంది, మనవైపు డిసెంబర్‌లో కూడా మంచు కట్టేంత చలి లేదు కాబట్టి ఎక్కువగా ఈ రెంటిలో ఒకటే అయ్యుంటుంది. పైసా ఖర్చు లేకుండా తేల్చుకోగలిగేది రెండోది, ముందు అది చూడండి.

ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి రేకులు ఊడదీయండి. ఫిన్స్ (కాయిల్ మీద వరసగా ఉండే పలచని లోహపు పొరలు) మధ్యలోకి టార్చ్ వేసి చూడండి. సార్వా వరి కోతలప్పుడు మిషన్లు లేపిన దుమ్ము, ఊక నలుసులు, దాని మీద ఉప్పుగాలి తేమ, ఇవన్నీ కలిసి పేడ అలికినట్టు గట్టిపడిపోతాయి. మెత్తటి బ్రష్‌తో ఫిన్స్ ఉన్న దారిలోనే పైనుంచి కిందికి దులిపి, మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడగండి. బైక్ కడిగే ప్రెషర్ గన్ వద్దు, ఫిన్స్ వంగిపోతాయి. కడిగేది బోరు నీళ్లతో కాదు, మంచినీళ్లతో, ఉప్పు కడగడానికి ఉప్పునీళ్లు పనికిరావు కదా. చెరువుల పక్కనున్నారు కాబట్టి మీరు నెలకోసారి ఈ కడుగుడు పెట్టుకోవాలి, ఊళ్లో ఉండేవాళ్లకి మూడు నెలలకోసారి సరిపోతుంది. నేను చూసిన వాటిలో కాయిల్స్ చిల్లులు పడింది ఎక్కువగా చెరువు గట్ల మీద ఇళ్లలోనే.

కాయిల్ కింద ట్రే, దాని డ్రెయిన్ పైపు కూడా చూడండి, మన గాలిలో తేమ ఎక్కువ, రోజూ లీటర్ల కొద్దీ నీళ్లు దిగుతాయి, పాచి పట్టి మూసుకుపోతే ఆ నీళ్లు పొర్లి కింద ఇనుమంతా తినేస్తాయి.

కాలువ లాకులు:
నా మాట వింటే ఒక సాఫ్ట్‌నర్ పెట్టించేయండి. మా బావగారింట్లో పెట్టాక కుళాయిల మీద తెల్లమచ్చలు పోయాయి. నీళ్లు బాగుంటే మిషను బాగుంటుంది, వాసన కూడా పోతుంది.

కోనసీమ టీచరమ్మ:
సాఫ్ట్‌నర్ గురించి ఒక మాట చెప్పాలి, నేను అదే నమ్మి ట్యాంకు పోగొట్టుకున్నదాన్ని. సాఫ్ట్‌నర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి బదులు సోడియం పెడుతుంది. గార పట్టడం తగ్గుతుంది, అది నిజమే. కానీ ఉప్పదనం తగ్గదు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ పెట్టి చూసుకోండి, ముందూ తర్వాతా దాదాపు అంతే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోర్లలో ఉండేది ఎక్కువగా ఉప్పే, దానికి సాఫ్ట్‌నర్ మందు కాదు.

బాబూ, మీ ట్యాంకు లోపల ఆనోడ్ రాడ్ అని ఒకటుంటుంది, దాని గురించి మీకెవరైనా చెప్పారా? నాకు ఎవరూ చెప్పలేదు. ట్యాంకు ఇనుముది, లోపల గాజులాంటి ఎనామిల్ పూత ఉంటుంది, ఆ పూతలో ఎక్కడో సన్నని పగుళ్లు ఉండకుండా ఉండవు. అక్కడ ఇనుము తుప్పు పట్టకుండా, మెగ్నీషియం కడ్డీని లోపల వేలాడదీస్తారు. ఇనుముకంటే ముందు అది తినబడుతుంది. నీళ్లలో ఉప్పు ఎంత ఎక్కువుంటే అంత తొందరగా అరిగిపోతుంది, సాఫ్ట్‌నర్ నీళ్లలోనూ అంతే. అది అయిపోయాక తుప్పు ట్యాంకు వైపు తిరుగుతుంది. మాది నాలుగో ఏడాది అడుగున చిల్లు పడింది. పంప్ భాగం నిక్షేపంలా ఉంది, ట్యాంకు పోయింది, ఒక్క కడ్డీ మార్చి ఉంటే ఇంకా పదేళ్లు వచ్చేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక మా బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా మారతాయి, ఆ రెండు నెలల్లోనే అది బాగా తినేసి ఉంటుందని నా అనుమానం.

మీ వాసనకి కూడా దీనికీ సంబంధం ఉంది. ముందు చల్లనీళ్ల కుళాయి విడిగా, వేడినీళ్ల కుళాయి విడిగా వాసన చూడండి. రెండింట్లోనూ వస్తే అది బోరులోదే. వేడినీళ్లలో మాత్రమే వస్తే ట్యాంకులో పుడుతోంది. నీళ్లలో సల్ఫేటు, దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటే మెగ్నీషియం రాడ్ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది, మా స్కూల్ ల్యాబులో ఆ గ్యాస్ తయారుచేసే కిప్స్ అపరేటస్ దగ్గర వచ్చే వాసన అదే. చాలామంది వాసన పోవాలని రాడ్ తీసి పారేస్తారు, అలా చేస్తే వాసనతో పాటు ట్యాంకు కూడా పోతుంది. దాని బదులు అల్యూమినియం, జింక్ కలిపిన రాడ్ వేయించుకోండి. వారానికోసారి ట్యాంకు 60 డిగ్రీలు దాటేలా కాయండి, బ్యాక్టీరియా చస్తుంది, ఆ రోజు మాత్రం పిల్లలు, పెద్దవాళ్లు కుళాయి తిప్పేముందు జాగ్రత్త, ఒళ్లు కాలుతుంది.

భీమవరం మెకానిక్:
టీచరమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. రాడ్ తీసే పద్ధతి చెప్తాను. కరెంటు ఆపి, చల్లనీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి ఒకటి తెరిచి ప్రెషర్ పోగొట్టండి. అడుగు డ్రెయిన్ నుంచి నాలుగైదు బకెట్లు వదలండి, బురద కూడా దాంతో పోతుంది. అప్పుడు పైనుండే పెద్ద నట్ విప్పాలి, గట్టిగా పట్టేసి ఉంటుంది, పొడుగు పిడి ఉన్న సాకెట్ కావాలి, ఒకళ్లు ట్యాంకు కదలకుండా పట్టుకోవాలి. బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ మధ్యలో ఇనుప తీగ కనపడుతుంటే ఇక ఆలోచించకుండా మార్చేయండి. కొన్ని ట్యాంకులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, వాటిలో రాడ్ ఉండకపోవచ్చు, మాన్యువల్‌లో చూసుకోండి.

దాళ్వా రైతు:
ఇంత తలనొప్పి ఎందుకండి, రెండు గీజర్లు పెట్టుకుంటే పోలా?

భీమవరం మెకానిక్:
ఆరుగురున్న ఇంట్లో లెక్క వేరండి. 200 లీటర్లని 30 డిగ్రీలు పెంచడానికి గీజర్‌కి సుమారు 7 యూనిట్లు కావాలి, మన వాతావరణంలో హీట్ పంప్‌కి రెండు, రెండున్నర చాలు, చలిదేశాల్లో దానికి పడే కష్టం ఇక్కడ లేదు. నెలకోసారి అరగంట చాకిరీ ఉంది, ఒప్పుకుంటాను. ఇద్దరే ఉండే ఇంటికైతే నేనే చిన్న గీజర్ చాలంటాను.

వశిష్ఠ గట్టు:
వారం ఆగి రాస్తున్నాను, ఆలస్యమైనందుకు క్షమించండి. ఆదివారం నేనూ నాన్నా కలిసి రేకులు ఊడదీశాం. ఫిన్స్ వెనకవైపు సగం పైగా మూసుకుపోయి ఉంది, అది చూసి నాన్న అసలు ఇందులోంచి గాలి ఎలా వెళ్తోందిరా అన్నారు. పంచాయతీ కుళాయి నీళ్లు నాలుగు బకెట్లు పట్టి కడిగితే మట్టి, ఊక, చిన్న సాలెగూళ్లు వచ్చాయి. ఆ రాత్రే తేడా తెలిసింది, నాలుగు గంటల లోపే కాగిపోయాయి, పొద్దున్నకి మంచు లేదు. గ్యాస్ జోలికి వెళ్లలేదండి.

రాడ్ విప్పడానికి పక్కింటి బాబాయిగారు కూడా వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. బయటికి వచ్చింది కడ్డీ కాదు, తీగ. చివర రెండంగుళాలు మాత్రం తెల్లటి ముద్దలా అంటుకుని ఉంది. టీచరమ్మగారూ, మీరు చెప్పకపోతే వచ్చే ఏడాదికి ట్యాంకు పోయేది, మీ మేలు మర్చిపోం. వాసన వేడినీళ్లలో మాత్రమే వస్తోంది. అల్యూమినియం జింక్ రాడ్ తెప్పించాను, నిన్న వేశాం, వాల్వ్ కూడా మార్చాం.

ఒక్క అనుమానం. వాన జల్లు మాటేమిటి? రేకులు పూర్తిగా తీసేస్తే మళ్లీ జూన్‌కి ఇబ్బంది కాదా?

భీమవరం మెకానిక్:
యూనిట్ బయట వానలో ఉండేలా తయారుచేసిందే అయితే జల్లుకి ఏమీ కాదు, నిజం చెప్పాలంటే వాననీళ్లు ఉప్పు కడిగేస్తాయి, మంచిదే. ఎండకి, కొబ్బరి మట్టలు పడకుండా పైన ఒక్క రేకు, యూనిట్‌కి కనీసం మూడడుగుల ఎత్తున, వాలుగా వేయండి. గాలి వదిలే వైపు గోడ గానీ తడక గానీ ఉండకూడదు. వాన కంటే నాకు భయం బల్లులు, చీమలు. వెచ్చగా ఉంటుందని పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) డబ్బాలోకి దూరి షార్ట్ చేస్తాయి. వైర్లు లోపలికి వెళ్లే కన్నాలు మూసి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. చెరువుల దగ్గర ఏరియేటర్లు తిరిగేటప్పుడు వోల్టేజ్ పడిపోతూ ఉంటే స్టెబిలైజర్ పెట్టండి, కంప్రెసర్‌కి మంచిది.

కోనసీమ టీచరమ్మ:
చాలా సంతోషం బాబూ. రాడ్ వేసిన తేదీ ట్యాంకు మీదే మార్కర్‌తో రాయండి, కాగితం మీద రాస్తే పోతుంది. మీ నీళ్లకి ఏడాది ఆగొద్దు, కాలువలు కట్టే ముందొకసారి, నీళ్లు వదిలాక ఒకసారి విప్పి చూడండి.

వశిష్ఠ గట్టు:
రాశానండి. అమ్మ చేత రాయించాను, ఆవిడైతే చూడటం మర్చిపోదు.