జాబిక్స్ ఏజెంట్: క్లోన్ చేసిన మెషీన్లలో సగం డేటా వస్తోంది, సగం రావడం లేదు

ఇన్‌ఫ్రా_డెస్క్

మెషీన్ల బాగోగులు కనిపెట్టే జాబిక్స్ సర్వర్ 6.0 హెడ్డాఫీసులో ఉంది. బ్రాంచి సర్వర్ రూములో ఒక ప్రాక్సీ (మెషీన్ల డేటా పోగుచేసి సర్వర్‌కు పంపే మధ్యవర్తి) ఉంది, అక్కడి మెషీన్లన్నీ దాని ద్వారానే రావాలి. ఈ మధ్య రెండు టెంప్లేట్ ఇమేజ్‌ల నుంచి కొత్త వీఎంలు (వర్చువల్ మెషీన్లు) లేపాం. ఒకటి రాకీ లైనక్స్ 9, ఇంకొకటి ఉబుంటు సర్వర్ 22.04. ఏజెంట్ (ప్రతి మెషీన్‌లో నడిచి విలువలు అందించే ప్రోగ్రాము) ఇమేజ్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంది, దాని కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్, సర్వర్‌యాక్టివ్ లైన్లు రెండింట్లోనూ ప్రాక్సీ ఐపీ ఇచ్చి ఉంది. మూడు ఇబ్బందులు ఉన్నాయి.

ఒకటి: రాకీ మెషీన్లలో సీపీయూ, మెమరీ వస్తున్నాయి, వెబ్ పేజీలో ఏజెంట్ స్థితి చూపే జడ్‌బీఎక్స్ ఐకాన్ పచ్చగానే ఉంది. లాగ్ ఫైల్ ఐటెమ్‌లు (ఐటెమ్ అంటే జాబిక్స్ సేకరించే ఒక్కో విలువ) మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఏజెంట్ లాగ్‌లో రెండు నిమిషాలకోసారి ఇదే లైను:
«నో యాక్టివ్ చెక్స్ ఆన్ సర్వర్ [10.20.0.5:10051]: హోస్ట్ [జాబిక్స్ సర్వర్] నాట్ ఫౌండ్»

రెండు: ఉబుంటు వీఎంలు రెండు వంతులవారీగా ఎర్రబడుతున్నాయి. ఒకటి పచ్చగా ఉంటే రెండోది ఎరుపు, కాసేపటికి తారుమారు. ఏజెంట్ రీస్టార్ట్ చేస్తే కొద్దిసేపు బాగుంటుంది.

మూడు: ఒక ఫిజికల్ సర్వర్‌లో (ఇదీ రాకీ 9) రెయిడ్ (కలిసి పనిచేసే డిస్కుల జట్టు) స్థితి చూసే స్క్రిప్టును యూజర్‌పారామీటర్‌గా (ఏజెంట్‌కు మనం సొంతంగా చేర్చే చెక్) పెట్టాం. షెల్‌లో చక్కగా నడుస్తుంది. జాబిక్స్‌లో ఐటెమ్ «నాట్ సపోర్టెడ్»కి వెళ్తోంది, కారణం దగ్గర «టైమౌట్ వైల్ ఎగ్జిక్యూటింగ్ ఎ షెల్ స్క్రిప్ట్» అని ఉంటోంది.

ఏజెంట్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా తేడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

పోర్ట్_10050

మూడూ వేర్వేరు జబ్బులు, విడివిడిగా చూడాలి. మొదటిదానికి నేను చెబుతాను.

ముందు ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారో తేల్చుకోండి. పాసివ్ చెక్ అంటే ప్రాక్సీ వచ్చి ఏజెంట్ 10050 పోర్టు తడుతుంది, «ఈ విలువ ఎంత» అని అడుగుతుంది. యాక్టివ్ చెక్‌లో ఏజెంటే ప్రాక్సీ 10051 పోర్టుకు వెళ్ళి «నేను ఫలానా, నేను ఏమేం చూడాలి» అని జాబితా తెచ్చుకుంటుంది. పాసివ్‌లో హోస్ట్ (జాబిక్స్‌లో నమోదైన మెషీన్) పేరుతో పనే లేదు, ఐపీ కుదిరితే చాలు. యాక్టివ్‌లో పేరే గుర్తింపు. లాగ్ ఫైల్ ఐటెమ్‌లు యాక్టివ్‌గా తప్ప పనిచేయవు. అందుకే మీకు సీపీయూ వస్తోంది, లాగ్‌లు రావడం లేదు. 6.0లో ఆ ఐకాన్ కూడా పాసివ్ సంగతే చెబుతుంది, కాబట్టి దాని పచ్చదనం చూసి యాక్టివ్ బాగుందనుకోవడానికి లేదు. యాక్టివ్ స్థితిని విడిగా చూపించడం 6.2 నుంచి వచ్చింది.

మీ లాగ్ లైనులో బ్రాకెట్లలో ఉన్న పేరు చూడండి. అది ప్యాకేజీతో పాటు వచ్చే కాన్ఫిగ్ ఫైల్‌లోని డిఫాల్ట్ హోస్ట్‌నేమ్. ఇమేజ్‌లో మిగతా రెండు లైన్లూ మార్చారు గానీ ఇది అలాగే ఉండిపోయింది. క్లోన్లన్నీ ఒకే పేరు చెప్పుకుంటున్నాయి, ఆ పేరుతో ప్రాక్సీ కింద హోస్ట్ లేదు. ఇవే ఏజెంట్లు నేరుగా హెడ్డాఫీసు సర్వర్‌కు వెళ్ళి ఉంటే ఇంకా చిక్కు. సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసినప్పుడే ఆ పేరుతో ఒక హోస్ట్ ఉంటుంది. దానికి యాక్టివ్ ఐటెమ్‌లు తగిలించి ఉంటే అందరి డేటా ఆ ఒక్క గ్రాఫ్‌లో కలిసిపోయేది, ఎర్రర్ కూడా కనిపించేది కాదు.

చేయాల్సింది:

ముందు ఏ ఏజెంట్ నడుస్తోందో చూడండి. «ఎస్ఎస్ -ఎల్ఎన్‌టీపీ» కొట్టి 10050 దగ్గర ఎవరున్నారో చదవండి. జాబిక్స్_ఏజెంట్‌డీ, జాబిక్స్_ఏజెంట్2 వేర్వేరు ప్రోగ్రాములు, వాటి కాన్ఫిగ్ ఫైళ్ళూ వేరు. రెండూ ఇన్‌స్టాల్ అయి ఉన్న మెషీన్‌లో, నడవని ఏజెంట్ ఫైల్ దిద్దుతూ కూర్చుంటే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఏమీ మారదు.

నడుస్తున్న ఏజెంట్ కాన్ఫిగ్‌లో హోస్ట్‌నేమ్ లైనును కామెంట్ చేసి, «హోస్ట్‌నేమ్‌ఐటెమ్=సిస్టమ్.హోస్ట్‌నేమ్» పెట్టండి. అప్పుడు మెషీన్ పేరే తీసుకుంటుంది. ఇమేజ్‌కు ఇదే సరైన పద్ధతి. ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌లో ఇంకో ఫైలు మళ్ళీ హోస్ట్‌నేమ్ ఇస్తోందేమో «గ్రెప్ -ఆర్»తో ఒకసారి వెతకండి.

జాబిక్స్ వెబ్ పేజీలో హోస్ట్ నేమ్ ఫీల్డు అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే. కింద ఉండే విజిబుల్ నేమ్ ఫీల్డు చూపించడానికే, ఏజెంట్‌తో దానికి సంబంధం లేదు. మెషీన్ తన పేరును డొమైన్‌తో కలిపి చెబుతోందో, పొట్టిగా చెబుతోందో «జాబిక్స్_గెట్ -ఎస్ ఐపీ -కే సిస్టమ్.హోస్ట్‌నేమ్» అని ప్రాక్సీ మీద నుంచి అడిగితే తెలుస్తుంది. విండోస్ మెషీన్లుంటే ఇంకో జాగ్రత్త: అక్కడ ఈ కీ మామూలుగా నెట్‌బయాస్ పేరు ఇస్తుంది, 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది.

---

రాత్రి_షిఫ్ట్

వీటితో పాటు సర్వర్ లైనులో 0.0.0.0/0 పెట్టేస్తే ఐపీ గొడవలుండవు. ప్రాక్సీ మారినా ఏజెంట్ ముట్టుకోనక్కర్లేదు.

---

పోర్ట్_10050

అలా పెట్టొద్దండి. ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు ఏజెంట్‌కు ఉన్న కాపలా ఆ ఒక్క లైనే. దాన్ని తెరిచేస్తే 10050కి చేరగలిగిన ఎవరైనా «వీఎఫ్ఎస్.ఫైల్.కంటెంట్స్» కీతో, జాబిక్స్ యూజర్ చదవగలిగే ఏ ఫైలైనా చదివేస్తారు. పాస్‌వర్డులున్న అప్లికేషన్ కాన్ఫిగ్‌లు చాలా చోట్ల అందరూ చదివేలానే పడి ఉంటాయి. ప్రాక్సీ మారే అవకాశం ఉంటే రెండు ఐపీలూ కామాతో రాయండి, చాలు. ఏ ఐపీ రాయాలో తెలియకపోయినా ఇబ్బంది లేదు. తిరస్కరించినప్పుడల్లా ఏజెంట్ లాగ్‌లో వచ్చిన ఐపీ, అనుమతి ఉన్న ఐపీ పక్కపక్కనే రాస్తుంది. మధ్యలో నాట్ (ఐపీ మార్చి పంపే నెట్‌వర్క్ ఏర్పాటు) ఉంటే మీరు ఊహించని ఐపీ అక్కడ కనిపిస్తుంది, దాన్నే ఇవ్వాలి.

సర్వర్‌యాక్టివ్‌లో మాత్రం కామాకు అర్థం వేరు. కామాతో రెండు ఇస్తే ఏజెంట్ రెండింటికీ విడివిడిగా వెళ్తుంది. ప్రాక్సీతో పాటు హెడ్డాఫీసు సర్వర్ కూడా రాస్తే, ఆ రెండో చోటి నుంచి ఎప్పుడూ తిరస్కరణే వస్తుంది, లాగ్ దానితో నిండిపోతుంది. హై అవైలబిలిటీ క్లస్టర్ (ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునే సర్వర్ల జట్టు) నోడ్‌లైతే వాటి మధ్య సెమీకోలన్ పెట్టాలి.

---

కెర్నల్_కబుర్లు

రెండో ఇబ్బంది జాబిక్స్‌ది కాదనిపిస్తోంది. ఆ రెండు ఉబుంటు వీఎంలకూ డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీలు పంచే సేవ) ఒకే ఐపీ ఇస్తోందేమో చూడండి.

ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ నడిపేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. అది డీహెచ్‌సీపీ సర్వర్‌కు తన గుర్తింపుగా మ్యాక్ అడ్రస్ పంపదు, /ఈటీసీ/మెషీన్-ఐడీ నుంచి తయారుచేసిన ఐడీ పంపుతుంది. ఇమేజ్‌లో ఆ ఫైలు నిండి ఉంటే క్లోన్లన్నింటికీ అదే ఐడీ. మ్యాక్‌లు వేరైనా డీహెచ్‌సీపీ సర్వర్ వాటిని ఒకే మెషీన్ అనుకుని ఒకే లీజు ఇస్తుంది.

రుజువు తేలిక. రెండు వీఎంల కన్సోల్‌లో «క్యాట్ /ఈటీసీ/మెషీన్-ఐడీ» కొట్టి పోల్చండి. నెట్‌వర్క్ వైపు నుంచి కూడా చూడొచ్చు: ప్రాక్సీ మీద నుంచి ఆ ఐపీకి «సిస్టమ్.హోస్ట్‌నేమ్» కొన్ని నిమిషాల తేడాతో పదేపదే అడగండి. ఒకసారి ఒక పేరు, ఇంకోసారి రెండో పేరు వస్తే అనుమానం తీరినట్టే. ప్రాక్సీ అదే సబ్‌నెట్‌లో ఉంటే «ఐపీ నెయ్» జాబితాలో ఆ ఐపీ పక్కన మ్యాక్ మారుతూ కనిపిస్తుంది.

సరిచేయడం: ఒక వీఎం కన్సోల్‌లోకి వెళ్ళి (ఎస్ఎస్‌హెచ్‌లో వద్దు, మధ్యలో తెగుతుంది) «ట్రంకేట్ -ఎస్ 0 /ఈటీసీ/మెషీన్-ఐడీ» కొట్టండి. తర్వాత /వార్/లిబ్/డీబస్ కింద ఉన్న మెషీన్-ఐడీ సిమ్‌లింకేనా చూడండి. మామూలు ఫైలైతే తీసేయాలి, లేకపోతే పాత ఐడీ అక్కడి నుంచే తిరిగొస్తుంది. ఆపై «సిస్టమ్‌డీ-మెషీన్-ఐడీ-సెటప్», రీబూట్. టెంప్లేట్ ఇమేజ్‌లోనైతే ఆ ఫైలును ఖాళీగా ఉంచి ఆపేయండి, ప్రతి క్లోన్ మొదటి బూట్‌లో తన ఐడీ తానే రాసుకుంటుంది. వెంటనే ఐడీ మార్చడం కుదరకపోతే నెట్‌ప్లాన్ ఫైల్‌లో «డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్: మ్యాక్» అని పెడితే ప్రస్తుతానికి విడిపోతాయి.

ఇదే ఇమేజ్‌లో ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా ఒకటే అయి ఉంటాయి. అవి కూడా తీసేసి ప్రతి మెషీన్‌లో కొత్తవి పుట్టించండి. ఇది భద్రత సంగతి, వాయిదా వేయకూడదు.

---

ఇన్‌ఫ్రా_డెస్క్

రెండోది అదే. రెండింటి మెషీన్-ఐడీ ఒకటే, మార్చాక ఐపీలు విడిపోయాయి, ఎరుపు రావడం లేదు.

మొదటిదాంట్లో హోస్ట్‌నేమ్ మార్చాను. ఇప్పుడు లాగ్‌లో బ్రాకెట్లలో సరైన పేరే వస్తోంది. కొన్ని మెషీన్లలో లాగ్ ఐటెమ్‌లు మొదలయ్యాయి. ఈ రోజే వెబ్‌లో చేర్చిన మెషీన్లలో మాత్రం ఇంకా «నాట్ ఫౌండ్» అంటోంది, పేరు అక్షరం అక్షరం సరిపోయింది.

---

పోర్ట్_10050

ప్రాక్సీకి ఆ హోస్ట్‌ల సంగతి ఇంకా తెలియదు. 6.0లో ప్రాక్సీ తన కాన్ఫిగరేషన్‌ను సర్వర్ నుంచి గంటకోసారి తెచ్చుకుంటుంది (కాన్ఫిగ్‌ఫ్రీక్వెన్సీ డిఫాల్ట్ 3600 సెకన్లు). దానిమీద ఏజెంట్ 120 సెకన్లకోసారి జాబితా అడుగుతుంది. ఆగలేకపోతే ప్రాక్సీ మెషీన్‌లో «జాబిక్స్_ప్రాక్సీ -ఆర్ కాన్ఫిగ్_క్యాష్_రీలోడ్» కొట్టండి, రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి. శాశ్వతంగా కావాలంటే ఆ విలువ 300కి దించండి, మీ సైజుకు భారం కాదు. 6.4 నుంచి ఇది 10 సెకన్లే, ఈ ఎదురుచూపు ఉండదు.

ఇంకొకటి: పేరు సరిపోయి, లాగ్‌లో ఎర్రర్ కూడా పోయాక, ఐటెమ్ «పర్మిషన్ డినైడ్»తో ఆగిపోవచ్చు. రాకీలో /వార్/లాగ్/మెసేజెస్ రూట్ తప్ప ఇంకెవరూ చదవలేరు (0600). దాని గ్రూపును జాబిక్స్‌కు మార్చి 0640 చేయండి, లాగ్‌రొటేట్ ఫైల్‌లో కూడా «క్రియేట్ 0640 రూట్ జాబిక్స్» అని స్పష్టంగా రాయండి. ఉబుంటులో సిస్‌లాగ్ ఏడీఎం గ్రూపుది, జాబిక్స్ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చి ఏజెంట్‌ను రీస్టార్ట్ చేస్తే సరి. రీస్టార్ట్ చేయకపోతే కొత్త గ్రూపు దానికి అంటదు.

---

లాగ్_ముందు_చూడు

మూడోదానికి నా జవాబు.

షెల్‌లో నడిచింది అంటే రూట్‌గా నడిచింది అని. ఏజెంట్ జాబిక్స్ యూజర్‌గా నడుస్తుంది. పరీక్ష కూడా అలాగే చేయాలి: «సుడో -యు జాబిక్స్ జాబిక్స్_ఏజెంట్‌డీ -టీ మీ.కీ». రూట్‌గా -టీ కొడితే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. పరీక్షకు ముందు «టైమ్» చేర్చి ఎంతసేపు పడుతోందో కూడా చూడండి.

ఏజెంట్ టైమౌట్ డిఫాల్ట్ 3 సెకన్లు, గరిష్ఠం 30. రెయిడ్ కంట్రోలర్ టూల్స్ జవాబివ్వడానికి చాలాసార్లు అంతకన్నా ఎక్కువే తీసుకుంటాయి, డిస్కులు ఎక్కువైన కొద్దీ మరీను. ఏజెంట్‌లో 15కి పెంచితే పని అయిపోదు. పాసివ్ ఐటెమ్ అయితే ప్రాక్సీ కాన్ఫిగ్‌లోని టైమౌట్ కూడా పెంచాలి, లేకపోతే ఏజెంట్ జవాబు సిద్ధం చేసేలోపే ప్రాక్సీ ఫోన్ పెట్టేస్తుంది. రెండూ మార్చాక రెండు సర్వీసులూ రీస్టార్ట్ కావాలి.

అయినా టైమౌట్ పెంచడం నాకు నచ్చదు. నెమ్మది స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ ప్రాక్సీ పోలర్ (ఏజెంట్లను విలువలు అడిగే ప్రాసెస్) ఒకటి ఆ ఒక్క మెషీన్ దగ్గర కట్టుబడి ఉంటుంది. అలాంటివి పది చేరితే మిగతా హోస్ట్‌ల డేటా కూడా ఆలస్యమవుతుంది. రెయిడ్ స్థితి పది నిమిషాలకోసారి తెలిస్తే చాలు. అందుకే:

సిస్టమ్‌డీ టైమర్‌తో స్క్రిప్టును రూట్‌గా 10 నిమిషాలకోసారి నడపండి. ఫలితాన్ని ముందు తాత్కాలిక ఫైల్‌లో రాసి, అదే ఫోల్డర్‌లో «ఎంవీ»తో అసలు పేరుకు మార్చండి. అలా చేస్తే సగం రాసిన ఫైలు ఏజెంట్ కంట పడదు. జాబిక్స్‌లో ఒక ఐటెమ్ «వీఎఫ్ఎస్.ఫైల్.కంటెంట్స్»తో ఆ ఫైలు చదువుతుంది. రెండో ఐటెమ్ «వీఎఫ్ఎస్.ఫైల్.టైమ్»తో ఫైలు ఎప్పుడు మారిందో చూస్తుంది. ఫైలు మారి 30 నిమిషాలు దాటితే మోగే ట్రిగ్గర్ తప్పకుండా పెట్టండి. అది లేకపోతే టైమర్ ఆగిపోయిన రోజు నుంచి పాత «బాగుంది» అన్న మాటే నెలల తరబడి చదువుతుంటారు, ఈలోగా డిస్కు పోతుంది. సుడోయర్స్‌లో (రూట్ అనుమతుల జాబితా) జాబిక్స్ యూజర్‌కు ఏ అనుమతీ ఇవ్వనక్కర్లేకపోవడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

రాకీ కాబట్టి ఎస్ఈలైనక్స్ (ఏ ప్రోగ్రాము ఏం చేయొచ్చో కట్టడి చేసే భద్రతా వ్యవస్థ) కూడా చూడాలి. సుడో -యు పరీక్ష గెలిచి, సర్వీసుగా మాత్రం ఓడిపోతే అనుమానించాల్సింది దాన్నే. ఏజెంట్ సర్వీసుగా నడిచేటప్పుడు దాని డొమైన్ జాబిక్స్_ఏజెంట్_టీ, మీ షెల్‌కు ఆ కట్టడి లేదు. «ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్»లో తిరస్కరణ కనిపిస్తే «సెమేనేజ్ పర్మిసివ్ -ఏ జాబిక్స్_ఏజెంట్_టీ» అని ఆ ఒక్క డొమైన్‌నే వదులు చేసి చూడండి. అప్పుడు నడిస్తే కారణం దొరికినట్టే. దానికి తగిన పాలసీ రాసి, «-డీ»తో మళ్ళీ బిగించండి. సర్వర్ మొత్తం మీద ఎస్ఈలైనక్స్ ఆపేయకండి.

---

కెర్నల్_కబుర్లు

క్లోన్ల గురించి ఒక మాట మిగిలింది. యాక్టివ్ డేటా మీద టైమ్‌స్టాంప్ వేసేది ఏజెంట్ మెషీన్ గడియారం. స్నాప్‌షాట్ నుంచి లేపిన వీఎం గడియారం గంట వెనకబడి ఉంటే, డేటా వస్తూనే ఉన్నా గ్రాఫ్‌లో గంట కిందటి చోట పడుతుంది, చివరి గంట ఖాళీగా కనిపిస్తుంది. అది చూసి ఏజెంట్‌ను అనుమానిస్తారు. «క్రోనీసీ ట్రాకింగ్» కొట్టి సిస్టమ్ టైమ్ లైనులో తేడా చూడండి. ఉబుంటులో క్రోనీ లేకపోతే «టైమ్‌డేట్‌సీటీఎల్ టైమ్‌సింక్-స్టేటస్». పాసివ్ ఐటెమ్‌గా «సిస్టమ్.లోకల్‌టైమ్» పెట్టి, ఫజీటైమ్ 60 సెకన్ల ట్రిగ్గర్ (ప్రాక్సీ గడియారంతో తేడా 60 సెకన్లు దాటితే మోగేది) చేర్చండి. యాక్టివ్‌గా పెడితే పనికిరాదు, ఎందుకంటే విలువా టైమ్‌స్టాంపూ రెండూ ఆ తప్పు గడియారం నుంచే వస్తాయి, పోల్చడానికి తేడా మిగలదు.