ధూర్జటి "వింతల్ మేన" పక్కన చరించనా, జరించనా?

పొద్దున్నుంచి ఈ పాదం వదలట్లేదు. "దంతంబుల్ పడనప్పుడె" పద్యంలో (పళ్లూడకముందే, ముసలితనం రాకముందే శివుణ్ణి తలచుకోవాలనే శ్రీకాళహస్తీశ్వర శతక పద్యం) మూడోది, "వింతల్ మేన జరించనప్పుడె" అని నా నోటికొచ్చింది. "చరించ", అంటే తిరగడం, అని నాన్నగారు దిద్దారు. బ్రిస్బేన్‌లో చర్మం బయాప్సీలు చూసే పని నాది. యాక్టినిక్ కెరటోసిస్ (ఎండ దెబ్బకి చర్మం మీద వచ్చే గరుకు మచ్చ) స్లయిడు పెట్టినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

— ఇద్దరిదీ ఒప్పేనమ్మా. మేనన్ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే పదం; దాని తర్వాత పరుషం చ, సరళం జ అయింది. ఇందులో తగవేముంది?

— ఉంది మాస్టారూ. జర నుంచి జరించు వేరే ఉందిగా, ముసలిదవడం. యతి వి-వె, ప్రాస న్త. చకారమో జకారమో ఛందస్సు తేల్చదు.

— పైపాదంలోనే "జరాక్రాంతంబు" అన్నాడు. వెంటనే మళ్లీ జరా? ధూర్జటి అంత బీదవాడా!

— నాకు మాత్రం జరే కావాలి మాస్టారూ. పుట్టుమచ్చలు చాలావాటిలో కణాల్ని పెరగమనే బీరాఫ్ జన్యువు చెడి, దాని ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటమేట్ వస్తుంది. కణాలు కొంత పెరిగి ఆగిపోతాయి. దాన్నే సెనెసెన్స్ అంటాం, అచ్చంగా జర. కణాల్ని ముసలివి కానివ్వని టెర్ట్ జన్యువు మీట (ప్రమోటర్) మారి, విభజనకి అడ్డుకట్ట వేసే సీడీకేఎన్2ఏ జన్యువు కూడా పోతే ఆ ఆగడం పోయి మెలనోమా అనే చర్మ కాన్సర్ దారి పడుతుంది. అంటే వింత జరించినంతకాలం మనకు క్షేమం!

— బావుందక్కా, కానీ కవి తలకిందులయ్యాడు. తొండ ముదిరితే ఊసరవెల్లి అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్లూ.

— ముదరనివే ఎక్కువ తమ్ముడూ. కెరటోసిస్‌లు కొన్ని వాటంతటవే పోతాయి కూడా. ఎండ దెబ్బకి, కాన్సర్‌ని అడ్డుకునే టీపీ53 జన్యువు మాత్రం వాటిలో ముందే చెడి ఉంటుంది. అంతెందుకు, 2015లో మామూలు కనురెప్పల చర్మం పరీక్షిస్తే, కాన్సర్ వైపు తోసే మార్పులు 18 నుంచి 32 శాతం కణాల్లో కనిపించాయి. పైకి మచ్చ కూడా లేదు.

— అంటే కంటికి కనపడకుండా మేనంతా చరిస్తున్నట్టేగా? నాన్నగారే గెలిచారమ్మా.

— ఆయనకి చెప్పకండి మాస్టారూ, మళ్లీ పట్టుకోలేం.

— ఒక్క మాట. వింతలంటే మచ్చలేనని ఎవరన్నారు? రోగాలు కావచ్చు, ముడతలు కావచ్చు.

— అది సరే, రెండో పాదంలో "కాంతాసంఘము రోయ" సంగతేమిటి? రోయు అంటే వెతకడమూ ఉంది, ఏవగించుకోవడమూ ఉంది.

— మా ఇంట్లో రెండోదే.