డిజిటల్ పోర్ట్రెయిట్: ముందు నలుపు తెలుపుల్లో గీయాలా, నేరుగా రంగులతో మొదలుపెట్టాలా?

కుంచె:
పోర్ట్రెయిట్‌ను ముందు బూడిద ఛాయల్లో పూర్తిచేసి, దానిపై కలర్ మోడ్‌లో (కింది వెలుగునీడలను మార్చకుండా రంగు మాత్రమే చేర్చే అమరికలో) ఇంకొక లేయర్, అంటే పొర, పెట్టి రంగులు వేయమని కొత్తగా నేర్చుకునేవారికి చాలామంది సూచిస్తున్నారు. చామనఛాయ ముఖాలకు ఈ పద్ధతి సరిపోతుందా?

ఛాయారేఖ:
తప్పక సరిపోతుంది. యూరప్ తైలవర్ణ చిత్రకారులు గ్రిజాయ్ అనే బూడిదరంగు అడుగుపూత వేసి, దానిపై పలుచని రంగుపొరలు వేసేవారు. గాఢమైన ఎరుపు ఉన్నదానికంటే వెలుతురుగా ఉన్నట్టు కంటిని భ్రమింపజేస్తుంది. రంగు లేనప్పుడు ఆ భ్రమకు తావుండదు, ముక్కు పక్కన నీడ ఎంత లోతుగా ఉండాలో ముందే తేలిపోతుంది.

సిందూరం:
ఛాయారేఖ గారూ, భ్రమ గురించి మీరు చెప్పినది నిజమే కానీ, తైలవర్ణపు పొరకూ కలర్ మోడ్‌కూ పోలిక కుదరదు. పలుచని తైలవర్ణం అడుగుపూతను ముదురు చేస్తుంది. కలర్ మోడ్ మాత్రం కింది లేయర్‌లోని వెలుగును యథాతథంగా ఉంచి, వర్ణాన్నీ గాఢతనూ మాత్రమే పై లేయర్ నుంచి తీసుకుంటుంది. ముఖమంతా ఒకే గోధుమరంగు పరిస్తే చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు కనిపించడానికి కారణం ఇదే. నిజమైన చర్మంలోకి కాంతి కొంత చొరబడి, రక్తపు ఎరుపును వెంటబెట్టుకుని బయటికి వస్తుంది కనుక, వెలుగు నీడలోకి జారే అంచున ఎరుపు తేలుతుంది. ఆరుబయట నుదుటి మెరుపులో ఆకాశపు నీలం కలుస్తుంది, చర్మం ముదురుగా ఉన్నకొద్దీ ఆ మెరుపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో ప్రసిద్ధమైన రంగులు నాలుగే: పసుపుమన్ను, సిందూరపు ఎరుపు, నలుపు, తెలుపు. నలుపు తెలుపులు కలిపిన బూడిదరంగు ఎరుపు పక్కన చేరగానే నీలంగా అనిపిస్తుంది. పక్కరంగును బట్టి రంగు మారిపోయే ఈ గుణాన్ని బూడిద దశలో పరీక్షించే వీలే లేదు. అందుకే ఆ నాలుగింటితో నేరుగా ప్రయోగాలు చేయమంటాను. వెలుగునీడలు సరిచూడాలంటే, నలుపు నింపిన లేయర్‌ను అన్నిటికంటే పైన కలర్ మోడ్‌లో ఉంచితే బొమ్మంతా బూడిద ఛాయల్లో కనిపిస్తుంది. చూసుకుని దాన్ని ఆపేయవచ్చు.

ఛాయారేఖ:
ముఖమంతా ఒకే రంగు పరిచినట్టుండే ఆ లోపాన్ని, ఒక్కో వెలుగు స్థాయికి ఒక్కో రంగు ఇచ్చే గ్రేడియంట్ మ్యాప్ తీర్చగలదు కదా? నీడలకు ముదురు ఎర్రగోధుమ, మధ్యఛాయలకు పసుపు కలిసిన గోధుమ, మెరుపులకు లేతనీలం ఇస్తే వెలుగుతోపాటు వర్ణమూ మారుతుంది.

సిందూరం:
కొంతవరకే తీరుతుంది. గ్రేడియంట్ మ్యాప్‌కు తెలిసినది వెలుగు స్థాయి ఒక్కటే కనుక, ఒకే స్థాయిలో ఉన్న చెంపకూ గడ్డానికీ అది ఒకే రంగు ఇస్తుంది. కానీ చెంప ఎర్రగా, క్షవరం చేసిన గడ్డం నీలి బూడిదగా ఉంటాయి. దాన్ని మొదటి పూతగా తీసుకుని, చెంపలు, చెవులు, ముక్కు కొన, గడ్డం మాత్రం కింది రంగును కప్పేసే నార్మల్ మోడ్‌లో చేత్తో మళ్లీ వేసేటట్లయితే మీ పద్ధతికి నా అభ్యంతరం లేదు.