కామన్ రైల్ ట్రాక్టర్‌లో పైపు దగ్గర డీజిల్ చెమరుస్తోంది, ఇంజిన్ ఆన్‌లో ఉంచి చేత్తో చూడొచ్చా?

గూడెం రైతు:
అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. 2023లో 55 హెచ్‌పీ ట్రాక్టర్ కొన్నాం, కామన్ రైల్ ఇంజిన్ (అన్ని సిలిండర్లకూ డీజిల్ ప్రెషర్‌తో నిల్వ ఉండే ఒకే గొట్టం, అదే రైల్, ఉన్న రకం). ప్రస్తుతం దమ్ములో ఉంది. రైల్ నుంచి మూడో సిలిండర్‌కి వెళ్లే సన్న స్టీలు పైపు ఉంది కదా, దాని నట్టు దగ్గర డీజిల్ చెమర్చినట్టు కనపడుతోంది. గుడ్డతో తుడిస్తే పోతుంది, సాయంత్రానికి మళ్లీ దుమ్ము పట్టి నల్లగా జిడ్డు. బండి వేడెక్కాక డీజిల్ వాసన కూడా వస్తోంది. మా ఊరి మెకానిక్ గారు చాలా అనుభవం ఉన్న మనిషి. ఇంజిన్ రేజ్ చేసి పెట్టు, వేలితో తడిమితే ఎక్కడ లీకో తెలిసిపోతుంది, లేదంటే నట్టు కాస్త లూజు చేసి మళ్లీ బిగిద్దాం అంటున్నారు. పాత ట్రాక్టర్లకు ఆయన ఎప్పుడూ అలాగే చేశారట. మా తమ్ముడేమో వద్దే వద్దని గొడవ. సర్వీస్ సెంటర్ వాళ్లు రావడానికి టైం పడుతుంది అంటున్నారు, ఇక్కడ నారు ముదిరిపోతోంది. ఏం చేయమంటారు?

ఆటోనగర్ పంపు మెకానిక్:
మీ తమ్ముడు చెప్పిందే రైటు. ముందు బండి ఆపండి, తర్వాత మిగతాది చదవండి.

మీ మెకానిక్ గారిని తప్పు పట్టడం లేదు. ఆయన నేర్చుకున్నది పాత మైకో పంపు (ఒక్కో సిలిండర్‌కు విడివిడిగా డీజిల్ కొట్టే పంపు) ఉన్న ఇంజిన్ల మీద. వాటిలో నాజిల్ 200 బార్ అటూ ఇటూగా తెరుచుకుంటుంది, ఆ ప్రెషర్ కూడా పంపు కొట్టినప్పుడే పైపులోకి వచ్చి పోతుంది, అందుకే మిస్సింగ్ ఏ సిలిండర్‌లో ఉందో చూడ్డానికి ఒక్కో నట్టు లూజు చేసేవాళ్లం, డీజిల్ బుసబుసా కారేది, బిగించేసేవాళ్లం. అది కూడా మంచి పద్ధతని నేను అనను. కామన్ రైల్ సంగతి పూర్తిగా వేరు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ రైల్ నిండా, ఆ పైపుల నిండా ప్రెషర్ నిలబడే ఉంటుంది. ఐడిల్‌లోనే 250, 300 బార్ ఉంటుంది, లోడ్ పడితే 1600 బార్ దాకా, కొన్నింట్లో ఇంకా పైకి పోతుంది. లారీ టైర్లో గాలి 8 బార్ అనుకోండి, మనిషి చర్మం చీలి లోపలికి పోవడానికి దాదాపు అంత ప్రెషర్ చాలు. ఇక మీరే లెక్క వేసుకోండి.

ఇంకో ప్రమాదం ఏంటంటే అది కంటికి కనపడదు. నట్టు దగ్గర తడి కనిపిస్తోంది కాబట్టి లీకు అక్కడే అని అనుకుంటాం, కానీ పైపు మీద వెంట్రుకంత పగులు ఉండి అక్కడి నుంచి డీజిల్ పొగమంచులా చిమ్ముతూ, అది పోయి నట్టు మీద చేరుతూ ఉండవచ్చు. వేలు పెట్టి వెతికితే ఆ చిమ్మే దారిలోకే వేలు పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా నట్టు లూజు చేయడమే కాదు, బిగించడం కూడా చేయొద్దు.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది, దాంతో పల్లెల్లోకి కామన్ రైల్ బళ్లు ఎక్కువగా దిగాయి. చేతులు మాత్రం పాత అలవాటులోనే ఉన్నాయి, నా భయమంతా అదే.

ఖమ్మం హార్వెస్టర్:
మేము దళసరి లెదర్ గ్లవ్స్ వేసుకుని చూస్తాం అన్నా, ఇంతవరకు ఏమీ కాలేదు. లేదా అట్ట ముక్క అడ్డం పెట్టినా చాలు కదా, డీజిల్ తగిలితే మరక పడుతుంది.

ఆటోనగర్ పంపు మెకానిక్:
తమ్ముడూ, గ్లవ్స్ దాన్ని ఆపలేవు. లెదరైనా రబ్బరైనా దూసుకుపోతుంది, పైగా గ్లవ్ ఉందన్న ధైర్యంతో చెయ్యి ఇంకా దగ్గరికి పెడతాం. అట్ట ముక్క పాత హైడ్రాలిక్ లైన్లకు చెబుతారు, అదీ పొడవాటి కర్రకు కట్టి దూరం నుంచి. కామన్ రైల్ తిరుగుతుంటే అసలు దగ్గరికే పోవద్దు. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకుని, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి, అది తెలియకపోతే కనీసం పది నిమిషాలు. ఆ తర్వాత పైపులన్నీ బ్రష్‌తో, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, కాసేపు మనుషులెవరూ దగ్గర లేకుండా తిప్పి, మళ్లీ ఆపి, మళ్లీ అంతసేపు ఆగి టార్చి వేసి చూడండి. కొత్త తడి ఎక్కడ మొదలైందో కళ్లతోనే తెలుస్తుంది. స్కానర్ ఉన్నవాళ్లు రైల్ ప్రెషర్ రీడింగ్ చూస్తే ఇంకా మేలు.

హ్యాండ్ సర్జన్, హైదరాబాద్:
ఈ గాయాలకు ఆపరేషన్లు చేసే మనిషిగా చెబుతున్నా, దయచేసి చదవండి. పేషెంటు నవ్వుతూ నడిచి వస్తాడు. ఎడమ చూపుడు వేలి కొన మీద గుండుసూది గుచ్చినంత చుక్క, దాని చుట్టూ కొంచెం డీజిల్ వాసన, అంతే. నొప్పి పెద్దగా ఉండదు, రక్తం కూడా రాదు. తుడిచేసుకుని మళ్లీ పనిలో పడతారు. కొన్ని గంటలు గడిచాక వేలు ఉబ్బి, తోలు బిగుసుకుపోయి, పాలిపోయి, అప్పుడు భరించలేని నొప్పి మొదలవుతుంది. ఆ చుక్కలోంచి దూరిన డీజిల్ వేలి నరాలను, స్నాయువులను పట్టుకుని అరచేతి దాకా పాకి ఉంటుంది. అక్కడి కొవ్వును, కండను లోపలే పాడుచేస్తుంది. మేం వేలి నుంచి అరచేతి దాకా తెరిచి కడిగి, పాడైనదంతా తీసేయాల్సి వస్తుంది. మొదటి ఆరు గంటల్లో ఇది జరిగితే వేలు దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యమైతే వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది.

కొత్త విషయం కూడా కాదిది. డీజిల్ ఇంజిన్ నుంచి ప్రెషర్‌తో ఇంధనం ఒంట్లోకి దూరిన కేసు గురించి 1937లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారు. అయినా ఇవాళ్టికీ చిన్న ఆసుపత్రుల్లో టీటీ ఇంజెక్షన్, మాత్రలు ఇచ్చి ఇంటికి పంపేస్తున్నారు. అలా పంపితే ఒప్పుకోవద్దు. ఏ ఆయిల్, ఎంత ప్రెషర్, ఎన్నింటికి తగిలింది, ఈ మూడూ గట్టిగా చెప్పి, ఇది పైగాయం కాదు, ప్లాస్టిక్ సర్జన్‌కో ఆర్థో సర్జన్‌కో ఇప్పుడే చూపించండి అని అడగండి. దారిలో చెయ్యి పైకెత్తి ఉంచండి, ఆపరేషన్ పడొచ్చు కాబట్టి ఏమీ తినొద్దు. పిండొద్దు, మర్దన చేయొద్దు, పసుపు అద్దొద్దు, వేడినీళ్లలో ముంచొద్దు, బిగించి కట్టు కట్టొద్దు. నొప్పి లేదు కదా, రేపు చూద్దాం అనే మాట ఇంట్లో ఎవరు అన్నా వినొద్దు.

వైజాగ్ మెరైన్ ఇంజినీర్:
చెయ్యి సంగతి డాక్టర్ గారు చెప్పారు, నేను మంట గురించి చెబుతా. ఓడల్లో ఈ పైపులు రెండు పొరలుగా ఉంటాయి. లోపలి పైపు పగిలితే డీజిల్ పై గొట్టంలోనే ఉండిపోయి ఒక చిన్న ట్యాంకులోకి చేరి అలారం మోగుతుంది. సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా నిబంధనల్లో ఇది తప్పనిసరి, పాత ఓడలకు కూడా 2003 జులైకల్లా పెట్టించారు. ఇంధనం పడే వీలున్న చోట 220 డిగ్రీలు దాటి వేడెక్కే భాగాలకు కవరింగ్ ఉండాలన్నది కూడా ఉంది. ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే డీజిల్ కారితే ఒక ఎత్తు, పొగమంచులా చిమ్మి టర్బో మీదో ఎగ్జాస్ట్ మీదో పడితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటుంది. మీ ట్రాక్టర్‌కు ఆ రెండో పొర లేదు, టర్బో పక్కనే ఉంది, పైగా గడ్డి నుసి పేరుకుని ఉంటుంది. వేడెక్కాక వాసన వస్తోందన్నారు కదా, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన మాట అదే.

గూడెం రైతు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. బండి ఆపేశాం. మెకానిక్ గారికి కూడా డాక్టర్ గారు రాసింది చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆయనే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి పైపు నంబర్ చెప్పారు. దమ్ముకి పక్క చేను వాళ్ల బండి అద్దెకు మాట్లాడుకున్నాం. ఒక్క డౌటు, పాత పైపునే బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికించడం) పెట్టించి వాడుకోవచ్చా, లేక కొత్తదే కావాలా?

ఆటోనగర్ పంపు మెకానిక్:
కొత్తదే. బ్రేజింగ్ వద్దు, టేపు వద్దు, సీలెంట్ వద్దు, వంచి సరిపెట్టడం అసలే వద్దు. నట్టు పైపుతోపాటే వస్తుంది. తీసేటప్పుడు ఇంజెక్టర్ తిరగకుండా రెండో పానాతో పట్టుకోమనండి, విప్పిన మూతులకు వెంటనే ప్లాస్టిక్ క్యాపులు పెట్టమనండి, ఇసుక రేణువు లోపలికి పోయినా ఇంజెక్టర్ దెబ్బతింటుంది. బిగించేది టార్క్ రెంచితోనే. ఇంకోటి, ఆ పైపుకు ఉన్న క్లాంపు తన చోట ఉందో లేదో ఇప్పుడే చూడండి, చాలాసార్లు ఎవరో ఒకరు తీసి పక్కన పడేసి ఉంటారు, అది లేకపోతే వైబ్రేషన్‌కు కొత్త పైపు కూడా అక్కడే పగులుతుంది.