అప్‌డేట్: రాగి రాజు థామస్ విలియమ్స్ గురించి అడిగాను కదా

వేల్స్‌లోని యాంగ్లసీ దీవికి చెందిన ఒక న్యాయవాది బ్రిటన్ రాగి వ్యాపారాన్ని ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఇంగ్లండ్‌లోని గ్రేట్ మార్లో నుంచి పార్లమెంటుకు ఎందుకు వెళ్లాడు అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. తర్వాత చదివినవి ఇవి.

అంతా ఒక దావాతో మొదలైంది. యాంగ్లసీలోనే ఉన్న పారిస్ (Parys) పర్వతంలో రాగి బయటపడ్డాక భూమి హక్కుల కోసం గొడవ వచ్చింది. ఒక పక్షాన వాదించిన విలియమ్స్ చివరికి గనిలోనే భాగస్వామి అయ్యాడు. లాయరు ఫీజు అంటే అదీ! 1785 నాటికి పక్కనున్న మోనా గని నిర్వహణ కూడా ఆయన చేతికే వచ్చింది. ఓడల అడుగున రాగి రేకులు తాపితే, ఓడను బిగించిన ఇనుప మేకులు తుప్పు పట్టి తినేసుకుపోయేవి. గట్టి రాగి మేకులు తయారు చేయించి నౌకాదళానికి అమ్మాడు. చిల్లర కొరత తీర్చడానికి 1787 నుంచి సొంత నాణేలూ వేయించాడు.

మార్లో సంగతి తేలికే: అక్కడికి దగ్గర్లో, థేమ్స్ ఒడ్డున, ఆయనకు రాగి మిల్లులున్నాయి. 1790 నుంచి 1802లో చనిపోయేదాకా ఆయనే సభ్యుడు.

నన్ను ఆపేసింది వేరే విషయం. కార్మికులు న్యాయం తప్పనివాడని పిలుచుకున్న ఈ మనిషే, 1788లో బానిస వ్యాపారంపై ఆంక్షలు వద్దని పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. ఆఫ్రికాకు పంపే రాగి, ఇత్తడి సరుకుల్లో ఆయన పెట్టుబడి ఉంది మరి.

1799లో రాగి ధరలపై కామన్స్ సభ (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) జరిపిన విచారణ గురించి ఎవరైనా వివరంగా రాస్తే చదవాలని ఉంది.